కలిపేదీ జిగురే... విడదీసేదీ జిగురే!

అమ్మమ్మకు నీళ్లలోని మట్టిని అడుక్కి దించడం తెలుసు. మనవరాలి ఉద్యోగం నీళ్లలోని పొడి అడుక్కి దిగకుండా చూడటం. అమ్మమ్మది కోనసీమలో ఏటిగట్టు పక్కన ఓ ఊరు. మనవరాలు పనిచేసేది హైదరాబాద్ శివార్లలో రంగులు తయారుచేసే ఓ కంపెనీ ల్యాబ్‌లో. ఒకరు అయిదో తరగతితో బడి మానేశారు. ఇంకొకరు ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. చేసే పనులు ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. కానీ ఇద్దరి చేతిలో ఉన్నదీ ఒకటే... జిగురు! ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది 2022 జులైలో, గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు.

ఎర్రనీరు వచ్చింది

ఆ నెల 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగుల వరద చూసినవాళ్లకు తప్ప మిగతావాళ్లకు అది ఊహకందని గోదావరి. కోనసీమలో లంక పొలాలన్నీ మునిగాయి. అమ్మమ్మ వాళ్ల ఊరు గట్టుకు లోపలివైపు ఉంది కాబట్టి ఇళ్లలోకి నీళ్లు రాలేదు. కానీ కుళాయి ఆగిపోయింది. కరెంటు పోయింది. బోరు చుట్టూ మోకాల్లోతు నీళ్లు. నెలలు నిండిన కోడలి కూతుర్ని ముందే అమలాపురంలో బంధువుల ఇంటికి పంపేశారు. సెలవు పెట్టి వచ్చిన మనవరాలు మాత్రం అక్కడే చిక్కుకుపోయింది.

తాగడానికి ప్యాకెట్ల నీళ్లు పంచారు. అవి మనిషికి రెండు పూటలకే సరి. వంటకు? పప్పు కడగడానికి? ఇంట్లో పిల్లలున్నారు, పెద్దవాళ్లున్నారు. రెండో రోజు మధ్యాహ్నం అమ్మమ్మ బిందె పుచ్చుకుని గట్టు దగ్గరికెళ్లి వరదనీరే ముంచుకొచ్చింది. ఇటుకపొడి కలిపినట్టున్న ఎర్రటి నీరు.

‘‘అమ్మమ్మా, ఈ నీళ్లేం చేసుకుంటాం?’’ అంది మనవరాలు.

‘‘ఉండవే... అది తేరుకుంటుంది’’ అంటూ ఆవిడ అటక మీదున్న పాత హార్లిక్స్ సీసా దింపింది. అందులో గుండ్రంగా, చదునుగా, చొక్కా గుండీల్లాంటి గింజలు. చిల్లగింజలు. ఇండుప గింజలని కూడా అంటారు. సాన మీద నాలుగు చుక్కల నీళ్లు పోసి, ఒక గింజను గంధం తీసినట్టు అరగదీసింది. ఆ గంధాన్ని బిందెలో కలిపి, గరిటెతో కాసేపు తిప్పి, మూతపెట్టి వదిలేసింది. పొద్దుటికి అడుగున రెండంగుళాల మడ్డి. పైన కొబ్బరినీళ్లలా తేట.

ల్యాబ్‌లో రోజూ ఇలాంటి వ్యవహారంతోనే కుస్తీ పట్టే అమ్మాయికి నోట మాట రాలేదు. ‘‘ఇంకాస్త ఎక్కువ వేస్తే రాత్రికే దిగేదిగా?’’ అని అడిగింది. అమ్మమ్మ తల అడ్డంగా ఊపింది. ‘‘ఎక్కువైతే అస్సలు దిగదే. మా అమ్మ చెప్పేది... గంధంలా తియ్యాలిగానీ సెనగపిండిలా కలపకూడదని.’’

ఎక్కువైతే ఎందుకు దిగదు? ఆ ప్రశ్న ఆ అమ్మాయిని పట్టుకుంది. ఎందుకంటే సరిగ్గా ఏడాది కిందట, ఉద్యోగంలో చేరిన కొత్తలో, తన చేతిలో అలాంటి లెక్కే తప్పింది.

మట్టి ఎందుకు మునగదు?

గోదావరి వరదనీటికి ఆ రంగునిచ్చేది కంటికి కనపడనంత సన్నటి బంకమట్టి. ఇసుకైతే నిమిషంలో అడుక్కి చేరుతుంది. బంకమట్టి రేణువు పరిమాణం రెండు మైక్రాన్ల లోపే... అంటే మన వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతుకైనా సరిపోదు. ఆ రేణువుల్లో ఉండేది ప్రధానంగా సిలికాన్, అల్యూమినియం ఆక్సైడ్లే. ఎర్రదనం ఇనుము ఆక్సైడుది. ఒక మాటలో చెప్పాలంటే తుప్పుది. వాటి మధ్య గోదావరి నీరు. ఇలా ఒకదాంట్లో ఇంకొకటి కరగకుండా, మునగకుండా వేలాడే మిశ్రమాన్నే శాస్త్రవేత్తలు కొలాయిడ్ అంటారు.

ఒక మైక్రాన్ మట్టి రేణువు నిశ్చలమైన నీటిలో గంటకు మూడు నాలుగు మిల్లీమీటర్లు మాత్రమే దిగుతుంది. అడుగు లోతున్న బిందెలో కిందికి చేరాలంటే మూడు నాలుగు రోజులు కావాలి. అందులో పదో వంతు ఉన్న రేణువైతే నూరు రెట్లు నెమ్మది. సుమారు ఏడాది! నిజానికి అప్పటికీ చేరదు. చుట్టూ ఉన్న నీటి అణువులు అటూ ఇటూ తోస్తూ దాన్ని తేలుస్తూనే ఉంటాయి.

పోనీ చిన్న రేణువులన్నీ ఒకదానికొకటి అతుక్కుని పెద్ద ముద్దలైతే? అప్పుడు గబగబా దిగిపోతాయి. కానీ అతుక్కోవు. నీళ్లలో పడగానే ఆక్సైడు ఉపరితలం మీద కాస్త విద్యుదావేశం పుడుతుంది. నదినీటిలో బంకమట్టి రేణువులన్నింటిదీ రుణావేశమే. ఒకే జాతి ఆవేశాలు కాబట్టి దగ్గరికి రాగానే ఒకదాన్నొకటి తోసుకుంటాయి. బాగా దగ్గరికొస్తే పట్టుకునే ఆకర్షణ కూడా వాటికుంది. కానీ అంత దగ్గరికి రానిస్తే కదా! ఈ తోపులాటకూ ఆకర్షణకూ మధ్య లెక్కను 1941లో రష్యన్ శాస్త్రవేత్తలు డెర్యాగిన్, లాండావ్ కట్టారు. 1948లో డచ్చి శాస్త్రవేత్తలు వెర్వీ, ఓవర్‌బీక్ విడిగా అదే తేల్చారు.

నీటిలో ఉప్పు పెరిగితే ఈ తోపులాట బలం తగ్గుతుంది. గోదావరి సముద్రంలో కలిసేచోట జరిగేది అదే. ప్రవాహం నెమ్మదించడం మొదటి కారణమైతే, ఉప్పునీరు తగలగానే మట్టి రేణువులు ముద్దకట్టి దిగిపోవడం దానికి తోడు. అలా వేల ఏళ్లపాటు దిగిన మట్టే డెల్టా. అమ్మమ్మ ఇల్లు నిలబడిన నేల కూడా ఒకనాడు ఇలా నీళ్లలో వేలాడిన మట్టే.

కానీ తాగేనీటిలో ఉప్పు పోయలేం కదా. అక్కడికొచ్చింది జిగురు.

ఆరు గ్లాసులు

మర్నాడు మనవరాలు అరుగు మీద ఆరు గాజు గ్లాసులు వరసగా పెట్టింది. అన్నింటిలో ఒకే ఎత్తుకి వరదనీరు పోసింది. చదువుకునే రోజుల్లో ఓ నీటిశుద్ధి కేంద్రానికి తీసుకెళ్లినప్పుడు చూసిన పరీక్ష అది. జార్ టెస్ట్ అంటారు. నదినీటి మురికి రోజుకోలా ఉంటుంది కాబట్టి, ఏ రోజు ఎంత మందు వెయ్యాలో ఇలా చిన్న పాత్రల్లో వేసి చూసుకుంటారు.

చిల్లగింజను సాన మీద బాగా అరగదీసి, ఆ గంధాన్ని కాసిని నీళ్లలో కలిపి పెట్టుకుంది. మొదటి గ్లాసులో ఏమీ వెయ్యలేదు. రెండోదాంట్లో ఒక చుక్క. మూడోదాంట్లో మూడు. నాలుగోదాంట్లో ఆరు. అయిదోదాంట్లో పన్నెండు. ఆరోదాంట్లో ఏకంగా రెండు చెంచాలు. ఒక నిమిషం గబగబా, ఆ తర్వాత పావుగంట నింపాదిగా తిప్పింది. అమ్మమ్మ పీట వేసుకుని పక్కనే కూర్చుంది.

అరగంటకు మొదటి గ్లాసు అలాగే ఎర్రగా ఉంది. రెండోదాంట్లో కాస్త తేడా. మూడోదాంట్లో నూకల్లాంటి ముద్దలు కట్టి దిగుతున్నాయి. నాలుగోది అన్నింటికన్నా తేట. అయిదోది మళ్లీ మసక. ఇక ఆరోది... మొదటిదానికన్నా అధ్వాన్నం! ఎర్రటి మజ్జిగలా చిక్కగా, కదలకుండా ఉంది.

‘‘చెప్పానా?’’ అంది అమ్మమ్మ.

ఆ ముసలావిడ చెప్పింది అక్షరాలా నిజం. ఎందుకు నిజమో చెప్పడానికి మనవరాలికి ఎదురుగా ఉన్న రేవే పనికొచ్చింది.

రేవులో తాడు

చిల్లగింజలో చక్కెర అణువులు వేల సంఖ్యలో గొలుసుకట్టిన పొడవాటి అణువులుంటాయి. కొన్ని ప్రొటీన్లూ ఉంటాయి. ఇలాంటి పొడవాటి గొలుసులనే పాలిమర్లంటారు. గంజిలో జిగురు, తుమ్మబంకలో జిగురు, బెండకాయ జిగురు... ఇవన్నీ ఆ కుటుంబమే. ఈ గొలుసు నీళ్లలో పడగానే మట్టి రేణువు మీద అక్కడక్కడా అంటుకుంటుంది. మొత్తం పరుచుకోదు. కొంత మేర వేలాడుతూ ఉంటుంది.

‘‘రేవులో పడవ కట్టడానికి తాడు విసురుతారు చూడు... అలాగన్నమాట’’ అంది మనవరాలు. పడవ నుంచి వేలాడే తాడు గట్టు మీద ఖాళీగా ఉన్న గుంజకు చిక్కుకుంటే పడవ ఆగుతుంది. అలాగే ఒక మట్టి రేణువు మీది గొలుసు కొస పక్క రేణువు మీద ఖాళీగా ఉన్నచోట అంటుకుంటుంది. దానికి మరొకటి, దానికి ఇంకొకటి. తోపులాట ఉన్నా ఫరవాలేదు, తాడు దానికన్నా పొడుగు కాబట్టి దూరం నుంచే పట్టుకుంటుంది. వేల రేణువులు ఒక ముద్దవుతాయి. ముద్ద బరువుకు కిందికి దిగుతుంది. నాలుగో గ్లాసులో జరిగిందిదే.

మరి ఆరో గ్లాసులో? జిగురు ఎక్కువైంది. ప్రతి రేణువూ తన ఒంటినిండా తాళ్లు చుట్టేసుకుంది. తాళ్లు బోలెడున్నాయి, గుంజ ఒక్కటీ ఖాళీ లేదు. ఇక ఎవరు ఎవర్ని పట్టుకోవాలి?

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన లా మెర్, ఆస్ట్రేలియన్ శాస్త్రవేత్త హీలీ 1960ల్లో ఈ లెక్కను శాస్త్రబద్ధంగా వివరించారు. రేణువు ఉపరితలంలో సుమారు సగం మేర మాత్రమే జిగురు అంటుకుని, మిగతా సగం ఖాళీగా ఉన్నప్పుడు ముద్దకట్టడం బాగా జరుగుతుందన్నది దాని సారాంశం. ‘గంధంలా తియ్యాలి, పిండిలా కలపకూడదు’ అన్నదీ అదేగా!

చిల్లగింజ కొత్తదేం కాదు. సంస్కృతంలో దీన్ని కతకం అంటారు. నీటిని తేటపరిచే వస్తువుల్లో సుశ్రుత సంహిత దీన్ని చెప్పింది. శంకరాచార్యుల పేరున ఉన్న ఆత్మబోధలో కతకం పొడి ఒక ఉపమానం. మురికిని తొలగించి, ఆ పొడి తానూ మిగలకుండా పోతుందని అక్కడి పోలిక. కెమిస్ట్రీ ప్రకారం చూసినా అది సరైన మాటే. లెక్క కుదిరినప్పుడు గింజలోని జిగురు మట్టికి అంటుకుని మట్టితోపాటే మడ్డిలోకి దిగిపోతుంది. లెక్క తప్పితేనే నీళ్లలో మిగులుతుంది. మునగ గింజల పొడికీ నీటిని తేర్చే గుణముంది. నైలు నది బురదనీటికి సూడాన్ పల్లెల్లో ఆడవాళ్లు వాటినే వాడేవారు.

పీచు ఒలవని కాయలు

ఇక మనవరాలి సంగతి. ల్యాబ్‌లో ఆమె చేతికొచ్చే పొడి టైటానియం డయాక్సైడ్. గోడలకు వేసే రంగుల్లో తెల్లదనమంతా దాని చలవే. దానికి ముడిఖనిజాల్లో ఒకటైన ఇల్మనైట్ మన శ్రీకాకుళం, విశాఖ తీరాల నల్ల ఇసుకలోనూ ఉంది. వెలుగును బాగా చెదరగొట్టాలంటే ఈ తెల్లపొడి రేణువు మైక్రాన్‌లో పావు వంతు ఉండాలి. బరువేమో నీటికి నాలుగింతలు. అయినా అది డబ్బాలో నెలల తరబడి దిగకుండా, ముద్దకట్టకుండా ఉండాలి. ముద్దకడితే గోడ మీద రంగు పలచబడుతుంది, కిందిపూత కనిపిస్తుంది. కొన్నవాళ్లు డబ్బా తిరగ్గొడతారు.

దీనికీ మందు పాలిమరే. పొడిని నీళ్లలో కలిపేటప్పుడే కాస్త జిగురు పదార్థం వేస్తారు. అది ప్రతి రేణువు చుట్టూ పూర్తిగా అంటుకోవాలి. కొసలు నీళ్లలోకి వెంట్రుకల్లా నిలబడాలి. అప్పుడు రెండు రేణువులు ఎదురుపడినా కొసలు కొసలు తగిలి ఆగిపోతాయి. అసలు రేణువులు ఒకదాన్నొకటి తాకవు.

దీన్ని అమ్మమ్మకు చెప్పడానికి పెరట్లో కొబ్బరికాయల రాశి చాలింది. పీచు ఒలిచిన కాయలు రాశిపోస్తే చిప్పకు చిప్ప టక్కున తగులుతుంది. ఒలవని కాయలైతే ఎంత దొర్లించినా చిప్పలు కలవవు, మధ్యలో డొక్క అడ్డం. జిగురు నిండుగా పట్టిన రేణువు పీచు ఒలవని కాయ. జిగురు సగమే పట్టిన రేణువు సగం ఒలిచి వదిలేసిన కాయ. పీచు పక్కదాన్ని చిక్కించుకుంటుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో జరిగిన పొరపాటు కూడా ఇదే. తూకంలో చూసుకోక ఆ అమ్మాయి ఆ పాలిమర్‌ను వెయ్యాల్సినదాంట్లో సగమే వేసింది. సాయంత్రానికి తెల్లటి మిశ్రమం పెరుగులా గట్టిపడింది. పొద్దుటికి పైన నీరు తేలింది. పై అధికారి వచ్చి అడిగింది ఒకే ప్రశ్న... ‘ఎంత వేశావు?’ తక్కువైందని తేలాక, మరుసటిసారి భయంతో చాలా ఎక్కువ వేసింది. అదీ చెడింది. రేణువుల మీద చోటు నిండాక మిగిలిన జిగురు నీళ్లలో ఊరికే తిరుగుతూ రేణువుల్ని మళ్లీ దగ్గరికి నెట్టేస్తుంది. ఆరిన గోడ మీద తడి తగిలితే పూత తొందరగా పాడవుతుంది కూడా. తక్కువ కాకూడదు, మరీ ఎక్కువా కాకూడదు. ఆ రోజు ఆమె ల్యాబ్ నోటుపుస్తకంలో రెండు ప్రయోగాల్నీ కొట్టేసింది. సంవత్సరం తర్వాత అరుగు మీద ఆరు గ్లాసులు చూశాకగానీ, తను ‘పాడుచేసిన’ మొదటి ప్రయోగంలో జరిగింది అమ్మమ్మ బిందెలో జరిగిన మేలేనని తట్టలేదు.

ఈ రెండు ముఖాల గుణం మనిషికి ఎప్పట్నుంచో పరిచయమే. దీపం మసికి తుమ్మజిగురు కలిపి సిరా చేసుకున్నవాళ్లకు, జిగురు లేకపోతే మసి అడుక్కి దిగిపోతుందని తెలుసు. 1857లో లండన్‌లో మైకేల్ ఫారడే అతిసన్నటి బంగారు రేణువుల్ని నీళ్లలో తేలించి ఎర్రటి ద్రవం తయారుచేశాడు. కాస్త ఉప్పు పడితే అది నీలంగా మారిపోయేది, జెల్లీ కలిపి ఉంచితే మారేది కాదు. ఏ జిగురు ఎంత వేస్తే ఆ రక్షణ దొరుకుతుందో కొలిచే పద్ధతిని జిగ్‌మొండి కనిపెట్టాడు. కొలాయిడ్ల మీద చేసిన కృషికి ఆయనకు 1925 సంవత్సరపు నోబెల్ బహుమతి దక్కింది. అసలు కొలాయిడ్ అనే పేరు పెట్టింది థామస్ గ్రాహం, 1861లో. గ్రీకు భాషలో ‘కొల్లా’ అంటే... జిగురు!

ఆసుపత్రుల్లోనూ ఇదే సూత్రం కనిపిస్తుంది. అమలాపురం పంపిన ఆ గర్భిణికి అంతకు నెల రోజుల ముందు రక్తం తక్కువుందని సెలైన్‌లో ముదురు గోధుమరంగు మందు ఎక్కించారు. ఇనుము మందు. అందులో ఉండేది తుప్పులాంటి ఇనుము రేణువులే. వాటిని ఉన్నవున్నట్టు రక్తంలోకి పంపితే ప్రమాదం. అందుకని చుట్టూ తొడుగు వేస్తారు. కొన్ని మందుల్లో అది చక్కెర. మరికొన్నింటిలో చక్కెరలు గొలుసుకట్టిన పాలిమర్. తొడుగు ఉండబట్టే ఇనుము రక్తంలో ముద్దకట్టదు, ఒక్కసారిగా విడుదల కాదు. దాన్ని శరీరం నింపాదిగా వాడుకుంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. అలాంటి ఇళ్లకు ఇది దూరపు విషయం కాదు.

తేట వేరు... మంచి వేరు

నాలుగో గ్లాసు నీళ్లు చూసి మనవరాలికి ముచ్చటేసింది. చేతిలోకి తీసుకుంది. ‘‘అమ్మమ్మా, ప్యాకెట్ నీళ్లకన్నా తేటగా ఉన్నాయి కదా! తాగనా?’’

అమ్మమ్మ గభాల్న లేచి గ్లాసు లాగేసుకుంది. ఆవిడ కోప్పడటం ఆ అమ్మాయి ఎప్పుడూ చూడలేదు. ‘‘మీ అమ్మనడుగు’’ అంది, అంతే.

తర్వాత అసలు సంగతి అమ్మ చెప్పింది. 1986 ఆగస్టు. అప్పటికి అమ్మకు ఎనిమిదేళ్లు. ఊరు ఊరంతా ఏటిగట్టు మీద తాటాకు పరదాల కింద ఉంది. నూతులన్నీ మునిగాయి. అమ్మమ్మ ఇప్పట్లాగే చిల్లగింజ అరగదీసి వరదనీరు తేర్చింది. నీళ్లు చక్కగా తేటబడ్డాయి. కాచడానికి మాత్రం పొయ్యి లేదు. పుల్లలూ కొబ్బరిమట్టలూ అన్నీ తడిసి ముద్దయ్యాయి. ‘ఇంత తేటగా ఉన్నాయి, ఏమవుతుందిలే’ అనుకుని పిల్లకు అవే పట్టింది. మర్నాటికి వాంతులు, విరేచనాలు. మూడోనాటికి పిల్ల కళ్లు లోపలికి పోయాయి. పడవలో వేసుకుని ఆసుపత్రికి చేర్చేసరికి నాడి అందడంలేదన్నారు. సెలైన్ ఎక్కించి, పది రోజులు ఉంచుకుని, మొత్తానికి బతికించారు. పంపించేటప్పుడు డాక్టరు చెప్పిన మాట అమ్మమ్మ ఇప్పటికీ మర్చిపోలేదు... ‘తేరిన నీళ్లు వేరమ్మా, మంచినీళ్లు వేరు.’

ఆ మాట నిజం. మట్టి ముద్దలతోపాటు సూక్ష్మజీవులు కూడా చాలావరకు మడ్డిలోకి దిగిపోతాయి. కానీ అన్నీ దిగవు. జబ్బు చెయ్యడానికి మిగిలినవి చాలు. అందుకే నీటిశుద్ధి కేంద్రాల్లో ముందు పటిక వేసి మట్టిని ముద్దకట్టిస్తారు. అవసరమైతే కొద్దిగా పాలిమర్ కూడా కలుపుతారు. తేరిన నీటిని ఇసుకపొరల్లో వడపోస్తారు. చివర్లో క్లోరిన్ తప్పనిసరి. మరి తేర్చడం దేనికి? నీరు తేటగా ఉంటేనే క్లోరిన్ బాగా పనిచేస్తుంది. మురికినీటిలో సూక్ష్మజీవులు మట్టి రేణువుల చాటున దాక్కుంటాయి. తాగేనీటి మసక ఒక యూనిట్ మించకూడదని, వేరే దారి లేనప్పుడు అయిదు యూనిట్ల దాకా ఫరవాలేదని మన దేశ ప్రమాణం.

ఆ కేంద్రాల్లోనూ ‘ఎంత?’ అన్నదే ముఖ్యం. ఎక్కువగా వాడే పాలిమర్ పాలీఅక్రిలమైడ్. అది తయారైనప్పుడు కాస్తంత అక్రిలమైడ్ మిగిలిపోతుంది. అది నాడులకు హాని చేసే పదార్థం. తాగేనీటిలో లీటరుకు అర మైక్రోగ్రాము దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అందుకే పాలిమర్‌ను చిటికెడు కన్నా తక్కువ మోతాదులో, కొలిచి వేస్తారు. ఎక్కువ వేస్తే రెండు నష్టాలు. మట్టి దిగదు, మందు నీళ్లలో మిగులుతుంది.

చిల్లగింజ విషయంలోనూ ఓ జాగ్రత్త ఉంది. విషపు ముష్టిగింజ కూడా దీని చుట్టమే. రెండూ ఒకే ప్రజాతి చెట్లు, రెండూ గుండీల్లాంటి గింజలే. అందుకే అమ్మమ్మ తెలిసిన పచారీ కొట్లో తప్ప ఇంకెక్కడా కొనదు. మనవరాలు అడిగితే ఒక్కటే చెప్పింది. ‘‘గింజ తెలియాలి, గీత తెలియాలి, తేర్చాక కాచడం తెలియాలి. మూడూ తెలిస్తేనే ఇది ముట్టుకోవాలి.’’

ఆ రోజు తేరిన నీటిని అమ్మమ్మ మడ్డి కదలకుండా మెల్లగా ఇంకో గిన్నెలోకి వంచింది. నాలుగు మడతలు వేసిన పాత పంచెతో వడగట్టింది. గ్యాస్ పొయ్యి మీద పెట్టి, కళపెళ మరిగాక కూడా కాసేపు అలాగే ఉంచింది. చల్లారాక మొదటి గ్లాసు తను తాగింది. రెండోది కూతురికిచ్చింది, ముప్ఫయ్యారేళ్ల కిందట పడవలో ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకెళ్లిన కూతురికి. అమ్మ ఏమీ అనకుండా తాగింది. మూడోది మనవరాలికి.

వరద తీశాక హైదరాబాద్ వెళ్తూ ఆ అమ్మాయి హార్లిక్స్ సీసాలోంచి రెండు గింజలు అడిగి తీసుకుంది. ల్యాబ్‌లో ఆమె బల్ల మీద ఇప్పుడవి పాలిమర్ సీసా పక్కన ఉంటాయి. కొత్తగా చేరినవాళ్లు ‘ఇవేంటి మేడమ్?’ అనడుగుతారు. ఆమె గ్లాసులు తెప్పించి ఆ ఆరు గ్లాసుల ప్రయోగం చేయిస్తుంది. అది అయ్యాకే తూకం దగ్గరికి పంపుతుంది.

అమ్మమ్మ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది వేరే ప్రశ్న. ‘‘అక్కడ నీళ్లు కాచుకునే తాగుతున్నావా, అమ్మడూ?’’